దెబ్బకు వెల కట్టే లెక్క

రోడ్డు మీద దెబ్బ తగిలిన ఇంటికి మొదటి రోజున చుట్టాలు వస్తారు, రెండవ రోజున ఇరుగుపొరుగువారు వస్తారు, మూడవ రోజున రాజీ కుదిర్చే పెద్దమనిషి వస్తాడు. ఆయన చెప్పేవీ మంచి మాటలే. “కోర్టంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుందమ్మా. లారీ ఆసామి మంచివాడు గనుక ఇరవై వేలు ఇస్తానంటున్నాడు. పుచ్చుకొని సంతకం పెట్టండి. పోలీసుల గొడవ మనకెందుకు?” అంటాడు. ఆసుపత్రి ఖర్చుకు చేతిలో పైస లేని ఇల్లాలికి ఆ ఇరవై వేలు ఇరవై లక్షల్లాగా కనబడతాయి. చట్టప్రకారం ఆ ఇంటికి నిజంగానే ఎన్నో లక్షలు రావలసి ఉండవచ్చునని చెప్పేవారు ఆ సమయానికి పక్కన ఉండరు. ఈ నెల ఆ సంగతి చెప్పుకొందాం.

ముందే ఒక మాట. నేను వకీలును కాను; కాగితాలు కుట్టి ఫైలులో పెట్టే గుమాస్తాను. ఏ కాగితం లేకపోతే ఏ పని ఆగిపోతుందో ఇన్నేళ్ళుగా చూస్తున్నవాణ్ణి గనుక, ఆ వైపునుంచే చెబుతాను.

మన యశ్వంతనగరు, సండూరు ప్రాంతంలో ఈ ముచ్చట అనవసరమనే ఇల్లు ఉండదు. చుట్టూ ఉన్నవి ఇనుప ఖనిజపు కొండలు, మాంగనీసు కొండలు. వాటిమీదనుంచి ఖనిజం దింపే లారీలు మన వాకిళ్ళ ముందునుంచే పోతాయి. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజపు తవ్వకాన్ని నిలిపివేసింది. ఆ తరువాత గనులు షరతులతో మళ్ళీ తెరుచుకున్నాయి. లారీలూ తిరిగి వచ్చాయి. పిల్లలు బడికి, మగవారు పనికి, ఆడవారు సంతకు పోయేది ఆ రోడ్లమీదనే.

పరిహారమంటే మనవారిలో రెండు అపోహలు ఉన్నాయి. ఒకటి, అది దానమనేది. రెండవది, అది డ్రైవరుకు వేసే శిక్ష అనేది. రెండూ కావు. డ్రైవరు తప్పుకు శిక్ష విధించేది క్రిమినలు కోర్టు. అది వేరే దారి. పరిహారమన్నది పోయిన సంపాదనకు, పెట్టిన ఖర్చుకు, పడిన బాధకు లెక్క కట్టి ఇచ్చే సొమ్ము. చాలావరకు అది డ్రైవరు జేబులోనుంచి రాదు. బండి యజమాని ఏటేటా కట్టే ఇన్సూరెన్సునుంచి వస్తుంది. ప్రతి మోటారు వాహనానికి బయటివారి నష్టం నిమిత్తం భీమా ఉండితీరాలని చట్టం శాసించింది ఇందుకే. కనుక “పాపం, పిల్లలు గలవాడు, వాడి కొంప తీయడమెందుకు” అని వెనుకాడనవసరం లేదు.

ఈ హక్కు నిన్నమొన్నటిది కాదు. మనిషి చనిపోతే అతని మీద ఆధారపడినవారు నష్టం అడగవచ్చునన్న చట్టం 1855లోనే వచ్చింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టానికి 1956లో సవరణ చేసి, ఈ దావాల కోసమే వేరుగా ట్రిబ్యునళ్ళు పెట్టారు. ఎవరి తప్పయినా సరే కొంత సొమ్ము ఇచ్చి తీరాలన్న ఏర్పాటు 1982లో మొదలయింది. అప్పుడు చావుకు 15,000 రూపాయలు, శాశ్వతమైన అవిటితనానికి 7,500. నేడు నడుస్తున్నది 1988 నాటి చట్టం. దానికి 2019లో చేసిన సవరణలలో పరిహారానికి సంబంధించినవి 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం తప్పు రుజువు చేయకుండానే చావుకు 5 లక్షలు, తీవ్రమైన గాయానికి 2.5 లక్షలు అడగవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ 5 లక్షలు, 2.5 లక్షలు పుచ్చుకొని ఒప్పుకొంటే, తప్పు రుజువు చేసి పూర్తి లెక్క అడిగే దరఖాస్తు అంతటితో చెల్లిపోతుంది. చిన్న గాయమై, సాక్ష్యం బలహీనంగా ఉంటే ఈ దారి మంచిదే. ఇంటికి ఆధారమైన మనిషి మంచం పట్టినప్పుడు మాత్రం తొందరపడి సంతకం చేయకూడదు. ఆ రెండవ దారిలో ఎంత వస్తుందో ముందు లెక్క చూసుకోవాలి.

ఆ లెక్క బ్రహ్మవిద్య కాదు. 2009లో సరళా వర్మ దావాలో, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ దావాలో సుప్రీంకోర్టు దానిని ఒక పట్టికగా స్థిరపరచింది. వయస్సునుబట్టి ఒక గుణకం ఉంటుంది: 15 నుంచి 25 ఏళ్ళవారికి 18, 30 వరకు 17, 35 వరకు 16, 40 వరకు 15, 45 వరకు 14, 50 వరకు 13, 55 వరకు 11, 60 వరకు 9, 65 వరకు 7, ఆపైన 5. ఏడాది సంపాదనకు మున్ముందు పెరిగే రాబడిని కూడా కలుపుతారు. సొంత పని చేసుకొనేవారికైతే 40 ఏళ్ళలోపు నూటికి 40, 40 నుంచి 50 వరకు 25, 60 వరకు 10. స్థిరమైన ఉద్యోగికి వరుసగా 50, 30, 15.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ళ మెకానిక్కు కాలు విరిగి, పనిచేసే శక్తి నూటికి 40 వంతులు శాశ్వతంగా తగ్గిందనుకొందాం. ఏడాదికి 1,80,000. దానికి నూటికి 40 కలిపితే 2,52,000. గుణకం 16 వేస్తే 40,32,000. అందులో నూటికి 40 వంతులు 16,12,800. ఇది పోయిన సంపాదన ఒక్కదానికే. ఆసుపత్రి బిల్లులు, మందులు, ముందు ముందు కావలసిన ఆపరేషను, మంచాన ఉన్న నెలల జీతం, దగ్గర ఉండి చూసినవారి ఖర్చు, పోను రాను బండి కిరాయి, పడిన నొప్పి, ఇకమీద అందరిలా నడవలేని కష్టం వేరే వేరే పద్దులు. ఆ పెద్దమనిషి చెప్పిన ఇరవై వేలను దీని పక్కన పెట్టి చూడండి.

మనిషి చనిపోతే లెక్క కొద్దిగా మారుతుంది. అతని సొంత ఖర్చు కింద కొంత తీసివేస్తారు. ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురుంటే మూడవ వంతు, నలుగురినుంచి ఆరుగురి వరకు ఉంటే నాలుగవ వంతు, పెళ్ళికానివాడైతే సాధారణంగా సగం.

ఇక్కడే ఇంకొక చిక్కు. డాక్టరు సర్టిఫికెట్టులో రాసే అవిటితనం వేరు, సంపాదనలో కలిగే నష్టం వేరు. 2010లో రాజ్‌కుమార్ దావాలో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరచి చెప్పింది. మోకాలు ముడవలేని గుమాస్తా కుర్చీలో కూర్చుని పద్దులు రాసుకోగలడు. అదే మోకాలు గల లారీ డ్రైవరు క్లచ్చి తొక్కలేడు; అతని వృత్తి మొత్తం పోయినట్లే. సర్టిఫికెట్టులో ఇద్దరికీ ఒకే అంకె ఉండవచ్చు. అందుచేత ఏం పని చేస్తున్నాడు, ఆ పనికి శరీరంలో ఏ భాగం కావాలి అన్నది డాక్టరుచేత, తోటి పనివారిచేత ట్రిబ్యునలు ముందు చెప్పించాలి.

“మా ఆవిడకు సంపాదన ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది” అని దరఖాస్తులో రాయించే మహానుభావులు ఇంకా ఉన్నారు. 2001లో లతా వాధ్వా దావాలోనే సుప్రీంకోర్టు ఇల్లాలి చాకిరీకి నెలకు 3,000 రూపాయలని విలువ కట్టింది. 2021 జనవరిలో కీర్తి దావాలో, మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు ఈ విషయమై వేరుగా ఒక తీర్పే రాశారు. ఇంటిపనే ముఖ్యవృత్తి అని 2011 జనాభా లెక్కలలో చెప్పుకొన్న స్త్రీలు సుమారు 16 కోట్లమంది, పురుషులు సుమారు 58 లక్షలమంది అని అందులో ఎత్తిచూపారు. వంట, పిల్లలు, ముసలివారి సేవ, ఇంటి బజారు అన్నీ పనులే. వాటిని రాయించండి. తెల్లవారుజామున లేచి ఆమె ఏమేమి చేస్తుందో ఒక్కొక్కటే చెప్పండి.

ఇక కాగితాలు. దావా గెలిచేదీ ఓడేదీ మొదటి వారంలోనే. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు “పోలీసు కేసెందుకులే” అని “ఇంట్లో జారి పడ్డాడు” అని రాయిస్తారు. ఏడాది తరువాత భీమా కంపెనీ వకీలు ఆ కాగితమే తీసి న్యాయమూర్తికి చూపిస్తాడు. ఆ ఒక్క వాక్యంతో పదహారు లక్షల దావా గాలికి పోవచ్చు. కనుక దెబ్బ ఎక్కడ, ఎట్లా, ఏ బండివల్ల తగిలిందో ఉన్నదున్నట్లు చెప్పి, ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. కింద నమోదు చేయించండి. బండి నెంబరు రాసుకోండి. పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. ఇవ్వండి, దాని నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఏ ఊరి హద్దులో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్నది 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త శాసనం మాట. పోలీసులు మూడు నెలలలోగా తమ ప్రమాద నివేదికను ట్రిబ్యునలుకు పంపాలి. పంపారో లేదో కనుక్కుంటూ ఉండడం మన పని.

మొదటి రోజుల ఆసుపత్రి ఖర్చుకు కూడా ఇప్పుడొక ఏర్పాటు ఉన్నది. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్ణయించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా, డబ్బు కట్టనవసరం లేకుండా వైద్యం చేయాలి. రాజీ కుదిర్చే పెద్దమనిషి బలమంతా ఆ మొదటి వారంలో మన చేతిలో డబ్బు లేకపోవడమే గనుక, ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం మంచిది.

గడువు ఆరు నెలలు. 1994 నుంచి 2022 వరకు గడువంటూ లేదు. ఆ పాత అలవాటునుబట్టి “ఎప్పుడైనా వేసుకోవచ్చులే” అనేవారు ఇంకా ఉన్నారు; వారి మాట వినకండి. గడువు దాటిపోయినా ఆశ వదులుకొని ఇంట్లో కూర్చోక, వెంటనే వకీలును అడగండి.

సరిహద్దున ఉన్నవాళ్ళం గనుక మనకు ప్రత్యేకించి రెండు సంగతులు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. రాష్ట్రాలు విడిపోయాయిగాని వియ్యాలు విడిపోలేదు. పెళ్ళికని రాయదుర్గం, పంచాయితీకని ఆదోని పోతూనే ఉంటాం. అక్కడ ప్రమాదం జరిగితే అనంతపురం, కర్నూలు కోర్టుల చుట్టూ తిరగాలేమోనని భయపడి చాలామంది ఊరుకొంటారు. అక్కరలేదు. ప్రమాదం జరిగినచోట గాని, మీరు నివసించేచోట గాని, ఎదుటివారు నివసించేచోట గాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీర్పు నచ్చకపోతే 90 రోజులలోగా హైకోర్టుకు పోవచ్చు. బళ్ళారి జిల్లావారికి అది ధారవాడ పీఠం. బెంగళూరు దాకా పోనక్కరలేదు.

రెండవ సంగతి పేర్లు. మన ఇళ్ళలో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి కాగితాలలో అది ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పేరు వెనుక పడుతుంది. తెలుగులో రాసిన ఆంధ్ర పోలీసు కాగితం ఒకటి, కన్నడంలో ఉన్న రేషను కార్డు ఒకటి, ఇంగ్లీషులో ఆధారు ఒకటి. ముగ్గురు మనుషులేమోనన్నట్లు ఉంటాయి. చనిపోయినవాడూ ఈ విధవరాలి భర్తా ఒకరేనని రుజువు చేయడానికే నెలలు పడుతుంది. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని అన్ని కాగితాలలోనూ పేరు ఒకే తీరుగా ఉందేమో చూసుకోండి. తెలుగు కాగితాలకు సరియైన అనువాదం జతచేయండి.

భీమా సొమ్ము రాని సందర్భాలూ తెలుసుకోవాలి. ట్రాక్టరు ట్రాలీలో పెళ్ళివారు పోవడం, ఖాళీ లారీ వస్తే చేయెత్తి ఎక్కడం మనకు మామూలే. సరకు బండిలో ఊరికే ఎక్కినవారి బాధ్యత భీమా కంపెనీకి లేదని ఆశారాణి దావాలో సుప్రీంకోర్టు తేల్చింది. సరకు యజమానిగా తన సరకుతోపాటు పోయేవాడి సంగతి వేరు. బండి తానే నడుపుతూ తన తప్పువల్లనే పడినవాడికి బయటివారి భీమా అక్కరకు రాదు. బండి యజమానే నడుపుతున్నవాడైతే 15 లక్షల సొంత ప్రమాద భీమా ఆదుకోవచ్చు. పాలసీలో అది ఉందో లేదో ఇప్పుడే చూడండి. గుద్దిన బండి దొరకకుండా పారిపోతే చావుకు 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 ప్రభుత్వపు పథకం కింద వస్తాయి.

గనిలోనో కార్ఖానాలోనో పనిమీద ఉండగా దెబ్బ తగిలితే అది వేరే చట్టం. 1923 నాటి పనివారల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. చనిపోతే నెల జీతంలో సగాన్ని, పూర్తి అవిటితనమైతే నూటికి 60 వంతులను వయస్సునుబట్టి ఉండే అంకెతో హెచ్చిస్తారు. యజమాని తప్పు రుజువు చేయనవసరం లేదు. పనికి పోతూ, పనినుంచి వస్తూ దారిలో జరిగిన ప్రమాదం పనితో ముడిపడినదైతే అదీ ఇందులోకి వస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసినా హక్కు పోదు. అయితే పనిమీద ఉండగా మోటారు ప్రమాదమే జరిగితే ఈ చట్టమో, మోటారు చట్టమో ఒకటే ఎన్నుకోవాలి. రెండూ అడగరాదు.

రైలు సంగతి మూడవది. 2012 మే 22 తెల్లవారుజామున హుబ్బళ్ళినుంచి మన హొసపేట, బళ్ళారి మీదుగా బెంగళూరు పోయే హంపీ ఎక్స్‌ప్రెస్సు పెనుకొండ దగ్గర నిలిచి ఉన్న గూడ్సును గుద్దుకొన్నది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇటువంటివాటికి రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు ఉన్నది. చావుకు నాడు 4 లక్షలు; 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు. గాయాలకు వేరే పట్టిక. గడువు ఒక సంవత్సరం. నడిచే రైలునుంచి జారిపడినా హక్కు ఉంటుంది. టికెట్టు పోయినంత మాత్రాన హక్కు పోదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, టికెట్టు ఉంటే తంటా ఉండదు.

చివరగా వకీలు మాట. వచ్చినదాంట్లో ఇంత వంతు అని ఒప్పందం రాయించుకోవడం వకీళ్ళ వృత్తినియమాలకు విరుద్ధం. ఆసుపత్రి వరండాలో తిరిగే దళారికి తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు తెగలవారికి, అవిటివారికి, కార్మికులకు, తక్కువ రాబడివారికి 1987 నాటి చట్టం ప్రకారం ఉచితంగా వకీలును ఇస్తారు. తాలూకా కోర్టులోని న్యాయసేవా సమితిలో అడగండి. లోక్ అదాలత్‌లో రాజీ పడడం తప్పు కాదు, త్వరగా తేలుతుంది. అయితే అక్కడి తీర్పుమీద అప్పీలు లేదు గనుక, లెక్క వేసుకొన్న కాగితం జేబులో పెట్టుకొని పోవాలి.

సొమ్ము వచ్చిన తరువాత మైనరు పిల్లల వంతును బ్యాంకులో డిపాజిట్టు చేయమంటారు. కొందరు దానికి విసుక్కుంటారు. విసుక్కోకండి. ఆ డబ్బు లేని మనిషికి బదులుగా వచ్చినది. బావగారి అప్పుకూ, ఇంటి మిద్దెకూ కాదు. ఆ పిల్లవాడి చదువుకు, ఆ పిల్ల పెళ్ళికి అతను సంపాదించి ఉండేది అదే.